ట్యూడర్ కాలపు పుస్తకాల కొట్టు చిల్లర సరుకు మీదే నడిచింది

"ట్యూడర్ వంశపు రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో ఇంగ్లండ్‌లో ఒక మామూలు పుస్తకాల వ్యాపారి ఎలా బతికేవాడు? అప్పటికి అచ్చు యంత్రం వచ్చేసింది కాబట్టి వీళ్లంతా బాగానే సంపాదించి ఉంటారు కదా?" అని ఒకరు అడిగారు.

సంపాదించలేదండీ. అచ్చు యంత్రం వల్ల బాగుపడింది రాజుగారి దగ్గర హక్కు పత్రాలు తెచ్చుకున్న కొద్దిమంది. కొట్టు పెట్టుకుని కూర్చున్నవాడు మాత్రం పిల్లల అక్షరాల పుస్తకాలు, పంచాంగాలు, పాటల కాగితాలు అమ్ముకుని బతికాడు. మాది తాతయ్య నాటి నుంచి పుస్తకాల కొట్టు, విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో. ఈ వ్యాపారం లోపలి నుంచి ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఐదొందల ఏళ్ల కిందటి మనిషి గురించి కూడా ధైర్యంగా మాట్లాడుతున్నాను.

ఆ మనిషి పేరు జాన్ డోర్న్. 1520లో ఆక్స్‌ఫర్డ్‌లో పుస్తకాలు అమ్మాడు. పుట్టుకతో ఇంగ్లండ్ వాడు కాదు, సముద్రం దాటి వచ్చినవాడు. గొప్పవాడేమీ కాదు. ఆయన పేరు ఇవాళ మనకు తెలియడానికి ఒకటే కారణం, ఆ ఏడాది ఆయన రాసుకున్న రోజువారీ చిట్టా మిగిలింది. ఆక్స్‌ఫర్డ్‌లోని కార్పస్ క్రిస్టి కాలేజీలో భద్రంగా ఉంది. 1885లో ఫాల్కనర్ మాడన్ అనే పండితుడు దాన్ని అచ్చు వేయించాడు. నేను చదివింది ఆ అచ్చు ప్రతి స్కాన్.

చదివానంటే కథలా ఏమీ ఉండదు. పుస్తకం పేరు, ధర. మళ్లీ పుస్తకం పేరు, ధర. 1,800కు పైగా పద్దులు. లాటిన్‌లో మొదలుపెట్టి మధ్యలో ఇంగ్లీషులోకి, తన సొంత భాషలోకి జారిపోతాడు. కౌంటర్ దగ్గర నిలబడి గబగబా రాసుకునేవాడి చేతి రాత అలాగే ఉంటుంది. మా నాన్న చిట్టాలో కూడా సగం పేర్లు ఆయనకు తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు.

ఆక్స్‌ఫర్డ్ అంటే యూనివర్సిటీ ఊరు. అక్కడి కొట్టులో అరిస్టాటిల్, సిసెరో ఉంటారని ఎవరైనా అనుకుంటారు. ఉన్నారు. ఆ రోజుల్లో బతికున్న గొప్ప పండితుడు ఎరాస్మస్ అయితే బ్రహ్మాండంగా కదిలాడు, ఆ ఒక్క ఏడాదిలోనే ఆయన పుస్తకాలు వందకు పైగా అమ్ముడుపోయాయి. కానీ ఆ పెద్ద పేర్ల చుట్టూ ఏముందో చూడండి. స్టాన్‌బ్రిడ్జ్, విటింటన్ రాసిన బడి వ్యాకరణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. పిల్లల అక్షరమాలలు, పంచాంగాలు, క్రిస్మస్ పాటల కాగితాలు, రాబిన్ హుడ్ కథ ఉన్నాయి. ఒక్క కాగితం మీద అచ్చేసిన జానపద పాటలైతే ఒక్కోటి అర పెన్నీ, ఎక్కువ తీసుకుంటే ధర తగ్గించాడు. ఆ రోజుల్లో మామూలు కూలివాడి రోజు కూలి నాలుగు పెన్నీల దాకా ఉండేది. అంటే కూలివాడు కూడా తలుచుకుంటే కొనగలిగిన సరుకు ఇది. ఎరాస్మస్‌ని కొనే పండితుడు నెలకోసారి వస్తాడేమో. అర పెన్నీ పాట కొనేవాడు రోజూ వస్తాడు. కొట్టు తలుపు తెరిచి ఉంచేది ఆ అర పెన్నీలే. దీని మీద ఎవరైనా చరిత్రకారుడు నాతో వాదించాలనుకుంటే ముందు ఒక జూన్ నెలంతా పుస్తకాల కొట్టులో నిలబడి రమ్మంటాను.

సరుకు ఎక్కడిది? ఎక్కువ భాగం సముద్రం అవతలిదే. పారిస్, కొలోన్, బాసెల్, ఆంట్‌వెర్ప్‌ల నుంచి వచ్చేది. లండన్‌లో అచ్చు లేదని కాదు. కాక్స్‌టన్ 1476లోనే వెస్ట్‌మినిస్టర్‌లో ప్రెస్సు పెట్టాడు, ఆయన తర్వాత వింకిన్ డి వోర్డ్ దాన్ని ఫ్లీట్ స్ట్రీట్‌కు మార్చాడు. అయితే పండితులకు కావలసిన లాటిన్ పుస్తకం యూరప్‌లోనే చవకగా, శుభ్రంగా వచ్చేది. బైండింగ్ చేసిన పుస్తకం బరువెక్కువ, కాబట్టి చాలావరకు విడి ఫారాలుగానే, అంటే కుట్టని అచ్చు కాగితాలుగానే, పీపాల్లో కుక్కి ఓడలో పంపేవారు. ఉప్పుగాలి, ఓడలో తడి, రేవులో సుంకం, ఆ తర్వాత గుంతల రోడ్డు మీద బండి. పీపా మూత తెరిచి అడుగు ఫారాలు తడిసి అంటుకుపోయి కనిపిస్తే ఆ నష్టం ఎవరిది? అమ్మేవాడిదే. డోర్న్ చిట్టాలో వేసవిలో రెండు నెలలకు పైగా ఖాళీ ఉంది, అప్పుడు సముద్రం దాటి వెళ్లొచ్చాడు. సరుకు కోసమే వెళ్లి ఉంటాడని నాకు అనుమానం లేదు. కొట్టు మూసేసి వెళ్లాలంటే దానికి వ్యాపారమే కారణమై ఉండాలి. మే నెలలో సెయింట్ ఆస్టిన్ జాతర, అక్టోబరులో సెయింట్ ఫ్రైడ్‌స్వైడ్ జాతర. ఆ రెండు జాతర్లనూ చిట్టాలో విడిగా రాసుకున్నాడు.

ఫారాలు వచ్చాక వాటిని వరసగా మడిచి, కుట్టి, అట్ట వేయాలి. కొనేవాడి తాహతును బట్టి గొర్రె తోలో, దూడ తోలో. డబ్బు లేనివాడు కుట్టించుకుని ఊరుకునేవాడు, కొందరు విడి ఫారాలే పట్టుకెళ్లి తర్వాత ఎప్పుడో బైండింగ్ చేయించుకునేవారు. బైండింగ్‌లో రెండు డబ్బులు మిగులుతాయి, పుస్తకంలో మిగలవు. ఇది ఆ రోజుల్లో ఎంత నిజమో, మా తాతయ్య వెనక గదిలో మైదా బంక కాచుకుని కూర్చున్న రోజుల్లోనూ అంతే నిజం.

ట్యూడర్ కాలమంటే సినిమాల్లో, సీరియళ్లలో హెన్రీ గారి ఆరుగురు భార్యలు తప్ప మరేమీ ఉండదు. ఆ కాలాన్ని నిజంగా కదిలించింది పెళ్లిళ్లు కాదు, ఈ పీపాలు. అదే 1520 చిట్టాలో లూథర్ పుస్తకాలు కూడా ఉన్నాయి. పోప్ అధికారాన్ని ఎదిరించిన జర్మన్ సన్యాసి ఆయన. మిగతా వాటి మధ్య, అదే అక్షరాలతో, ఏ జంకూ లేకుండా రాసిన పద్దులు. డోర్న్‌కు అది అప్పుడే వచ్చిన కొత్త సరుకు, అడుగుతున్నారు కాబట్టి తెప్పించాడు. మరుసటి ఏడాది, 1521 మే 12న, లండన్ సెయింట్ పాల్స్ చర్చి ఆవరణలో రాజుగారి ముఖ్య మంత్రి కార్డినల్ వూల్సీ సమక్షంలో బిషప్ ఫిషర్ ప్రసంగించగా ఆ పుస్తకాలను తగలబెట్టారు. నిన్నటిదాకా బల్ల మీద పెట్టి అమ్మిన సరుకు ఇవాళ ఇంట్లో ఉంటేనే ప్రమాదం. డబ్బు పెట్టి కొన్నది ఎవరూ వెనక్కి తీసుకోరు, కట్టెల పొయ్యిలో పెట్టుకోవాలి.

అప్పటి నుంచి పుస్తకాలవాడికి టెన్షన్ తప్పలేదు. 1524లో లండన్ బిషప్ టన్‌స్టల్ పుస్తకాల వ్యాపారులను పిలిపించి, అనుమతి లేకుండా బయటి పుస్తకాలు తెస్తే ఊరుకోమని హెచ్చరించాడు. రెండేళ్లకే, 1526లో, విలియం టిండేల్ చర్చి అనుమతి లేకుండా ఇంగ్లీషులోకి అనువదించిన కొత్త నిబంధన (బైబిల్ రెండో భాగం) జర్మనీలోని వర్మ్స్‌లో అచ్చయి, బట్టల మూటల మధ్య దాక్కుని ఇంగ్లండ్ చేరింది. చిన్న సైజు, జేబులో పట్టేది. ఇక్కడ ధరలు చూడండి. రాబర్ట్ నెక్టన్ అనే వ్యక్తి రహస్యంగా అమ్మి 1528లో దొరికిపోయాడు. ఒక డచ్చివాడు తనకు ఒక్కోటి 9 పెన్నీల చొప్పున వందల ప్రతులు ఇస్తానన్నాడని విచారణలో చెప్పాడు. కోల్చెస్టర్‌లో రొట్టెలు చేసుకునే జాన్ పైకాస్ అదే పుస్తకాన్ని లండన్ నుంచి వచ్చిన ఒక ఇటలీవాడి దగ్గర తన ఊళ్లోనే నాలుగు షిల్లింగులకు కొన్నానన్నాడు. షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే 48 పెన్నీలు. టోకు ధరకు ఐదింతలకు పైనే.

ఈ లెక్క చెబితే మావాడొకడు "అబ్బో, ఎంత లాభమో" అన్నాడు. అది లాభం కాదు. రిచర్డ్ బేఫీల్డ్ అనే మాజీ సన్యాసి ఇలాంటి పుస్తకాలు ఓడల్లో తెప్పించి పంచాడు. 1531లో స్మిత్‌ఫీల్డ్‌లో ఆయన్ని బతికుండగానే తగలబెట్టారు. ఆ తేడా అంతా ప్రాణానికి కట్టిన వెల. ఎలిజబెత్ రాణి పెళ్లి ప్రయత్నాన్ని తప్పుపడుతూ 1579లో ఒక పుస్తకం వచ్చినప్పుడు కూడా అంతే. రాసిన జాన్ స్టబ్స్‌కు కుడి చెయ్యి నరికారు. పంచిపెట్టిన విలియం పేజ్‌కూ కుడి చెయ్యి నరికారు. అచ్చువేసిన సింగిల్టన్‌కు మాత్రం క్షమాభిక్ష దొరికింది. రాసినవాడితో సమానంగా శిక్ష అనుభవించిన ఆ పేజ్ పేరు ఎంతమందికి తెలుసు? పుస్తకాల చరిత్ర అంటే రచయితల చరిత్ర, అచ్చు యంత్రాల చరిత్ర అన్నట్టు రాస్తారు. మధ్యలో చేతులు మార్చినవాడు ఎక్కడా ఉండడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

బయటివాడు కావడం ఇంకో బెడద. 1484లో మూడో రిచర్డ్ కాలంలో విదేశీ వ్యాపారుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు పుస్తకాలవాళ్లకు మాత్రం ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు, ఎందుకంటే వాళ్లు లేకపోతే ఇంగ్లండ్‌కు పుస్తకాలే లేవు. డోర్న్ లాంటివాళ్లు వచ్చింది ఆ తలుపు గుండానే. 1517 మే నెలలో లండన్‌లో విదేశీయుల మీద అల్లర్లు జరిగాయి. 1534లో ఆ మినహాయింపునూ తీసేశారు. బైండింగ్ చేసిన పుస్తకాలు బయటి నుంచి తెచ్చి అమ్మకూడదు, విదేశీయుడు చిల్లరగా అమ్మకూడదు అన్నారు. యాభై ఏళ్లు వాళ్ల చేత పుస్తకాలు మోయించుకుని, స్థానికులు పని నేర్చుకోగానే పొమ్మన్నారు.

లండన్‌లో ఈ వ్యాపారం ఎక్కువగా సెయింట్ పాల్స్ చర్చి ఆవరణలోనే. గోడల వెంబడి కొట్లు, బల్లలు, ఒక్కో కొట్టుకు ఒక్కో బొమ్మ గుర్తు. ఇత్తడి పాము గుర్తు రేనర్ వుల్ఫ్‌ది. ఆ స్థలం కోసం ఎంత పోటీ ఉండేదంటే, 1549లో అక్కడి ఎముకల గృహాన్ని ఖాళీ చేసి వెయ్యి బండ్లకు పైగా మనుషుల ఎముకలను ఊరి బయట ఫిన్స్‌బరీ పొలాలకు తోలారు. బండి కిరాయి పెట్టుకున్నది వుల్ఫే. ఖాళీ అయిన చోట ఇళ్లు, పుస్తకాలవాళ్ల గోదాములు, కొట్లు వెలిశాయి. అలాంటి చోట స్థలం పట్టడం వుల్ఫ్ లాంటి పెద్దవాళ్లకే చెల్లింది. చిన్నవాడు గోడ పక్కన బల్ల వేసుకున్నాడు, లేదా మూట కట్టుకుని ఊళ్లు తిరిగాడు.

అంతకు ముందు హెన్రీ రాజు క్రైస్తవ మఠాలు మూసేయిస్తే వాటి గ్రంథాలయాలు ఏమయ్యాయో జాన్ బేల్ 1549లో ఏడుస్తూ రాశాడు. చేతిరాత గ్రంథాలను పచారీ కొట్లవాళ్లకు, సబ్బులు అమ్మేవాళ్లకు పొట్లాల కోసం అమ్మేశారట. ఒక వర్తకుడు రెండు మంచి గ్రంథాలయాలను 40 షిల్లింగులకు కొని, పదేళ్లపాటు చుట్టడానికి వాడుకున్నా ఇంకా మిగిలాయట. తూకానికి పుస్తకాలు అమ్మేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

చిల్లర సరుకు సంగతికి మళ్లీ వస్తాను. నేను చెప్పాలనుకున్నది అసలు అదే.

మా కొట్టుకు బలం జూన్ నెల. దగ్గర్లోని ఒక పెద్ద ప్రైవేటు స్కూలు పిల్లలందరికీ పుస్తకాలు మా దగ్గరే. మే ఆఖరుకల్లా లిస్టు వచ్చేది. నాన్న, నేను, సాయానికి ఉండే కుర్రాడు, ముగ్గురం రాత్రిళ్లు కూర్చుని తరగతుల వారీగా సెట్లు కట్టేవాళ్లం. కింద పెద్ద సైజు టెక్స్ట్ బుక్కులు, పైన నోట్సులు, ఆ పైన అట్టలకు బ్రౌన్ పేపర్, లేబుళ్లు. అన్నిటికీ కలిపి పురికొసతో రెండు వైపులా ముడి. ముడి కింద చీటీ, 'మూడో తరగతి' అని నాన్న చేతి రాతలో. ఒక ఏడాది సెట్లన్నీ కట్టి ర్యాకులో పెట్టాక, స్కూలు తెరిచే వారంలో ఒకావిడ పిల్లవాణ్ని తీసుకుని వచ్చింది. ఎప్పుడూ మా దగ్గర కొనే ఆవిడే.

"ఏవండీ, ఈ ఏడు పుస్తకాలన్నీ స్కూల్లోనే కొనాలంటండీ. బయట కొన్నవి తెస్తే తీసుకోమన్నారు. రేటు కూడా ఎక్కువే" అంది.

నాన్న ఒక్క క్షణం ఆగి, "పర్లేదమ్మా, బ్రౌన్ పేపర్ ఇవ్వమంటారా?" అన్నాడు. పిల్లవాడికి ఒక పెన్సిల్ ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

ఆ నెలంతా ఇంచుమించు అదే మాట విన్నాం. పబ్లిషర్లు కొన్ని వెనక్కి తీసుకున్నారు, నోట్సులు ఎవరూ తీసుకోలేదు. ర్యాకులో కట్టిన ముడులు ఒక్కొక్కటే విప్పి, నోట్సులు ఒక వైపు, పుస్తకాలు ఒక వైపు సర్దాం. నాన్న నవలలు, కవిత్వం కొనడం ఆ ఏడాదితో తగ్గించేశాడు. ఏళ్ల తరబడి కదలని మంచి పుస్తకాన్ని షెల్ఫులో ఉంచగలిగామంటే జూన్‌లో వచ్చిన నోట్సుల డబ్బు వల్లే. అది పోతే ఇదీ పోతుంది. పుస్తకం చేతిలోకి తీసుకుని, అట్ట ఫొటో కొట్టి, ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లకు ఇది ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఇంగ్లండ్‌లో జరిగింది కూడా ఇదే, ఇంకా పెద్ద ఎత్తున. 1557లో స్టేషనర్స్ కంపెనీకి, అంటే లండన్ పుస్తకాలవాళ్ల సంఘానికి, రాజముద్ర వచ్చింది. అచ్చు పని దాదాపు మొత్తం ఆ సంఘం చేతిలోకి వెళ్లింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఎలిజబెత్ కాలంలో రోజూ అమ్ముడుపోయే సరుకంతా ఒక్కొక్కరికి రాసిచ్చేశారు. అక్షరమాలతో కలిపి అచ్చేసే చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం, కీర్తనల పుస్తకం జాన్ డేకి. లా పుస్తకాలు టాటెల్‌కి. పంచాంగాలు వాట్‌కిన్స్, రాబర్ట్స్‌లకి. డోర్న్ చిట్టాలో కొట్టును నిలబెట్టిన సరుకు ఏదో సరిగ్గా అదే చిన్నవాడి చేతిలోంచి లాక్కున్నారు. ఇక వాడికి మిగిలింది ఏమిటి? అమ్ముడుపోతుందో లేదో తెలియని కొత్త పుస్తకం. 1577లో చిన్న ముద్రాపకులు, వ్యాపారులు ఈ హక్కుల మీద మొర పెట్టుకున్నారు.

రోజర్ వార్డ్ అనే ముద్రాపకుడైతే మొరలతో ఆగలేదు. డేకి రాసిచ్చిన ఆ అక్షరమాల పుస్తకాన్ని డే పేరు, డే గుర్తు వేసి 10,000 ప్రతులు అచ్చు కొట్టేశాడు. 1582లో కేసు స్టార్ ఛాంబర్ అనే రాజ న్యాయస్థానం దాకా వెళ్లింది. సోదాకు మనుషులొస్తే తాను ఇంట్లో లేనట్టు నటించేవాడని, భార్య, పనివాళ్లు తలుపు తీసేవారు కాదని పెద్దలు ఫిర్యాదు చేశారు. చట్టం ప్రకారం వార్డ్ దొంగే. నేను మాత్రం ఆయన పక్షమే. 10,000 అక్షరమాలలు అచ్చేశాడంటే అన్ని ప్రతులు కొనే పిల్లలు, తల్లిదండ్రులు ఉన్నారనేగా! అంత గిరాకీని ఒక్కడికే రాసిచ్చిన రాణిగారి ముద్రను తప్పుపట్టాలి గానీ కొట్టువాణ్ని కాదు. వార్డ్‌కి లండన్‌కు దూరంగా ష్రూస్‌బరీలో ఒక కొట్టు ఉండేది. 1585లో దాని సరుకు లెక్క రాస్తే ఐదొందలకు పైగా రకాల పుస్తకాలు తేలాయి. లండన్‌లో ఎంత గొప్ప పుస్తకం అచ్చయినా, ఆ మారుమూల ఊరికి దాన్ని తీసుకెళ్లింది ఇలాంటివాళ్లే.

ఈ గొడవ ముదిరాక 1584 జనవరిలో హక్కులున్న పెద్దలు కొన్ని పుస్తకాలను సంఘంలోని పేదవాళ్ల కోసం వదులుకున్నారు. జాబితా చూడ్డానికి పొడుగ్గానే ఉంటుంది. అందులో కదిలే సరుకు తక్కువ. కీర్తనలు వదల్లేదు, అక్షరమాల వదల్లేదు. వార్డ్ ఆ తర్వాత కూడా రహస్యంగా ప్రెస్సు నడుపుతూనే ఉన్నాడు, సంఘంవాళ్లు వచ్చి పట్టుకెళుతూనే ఉన్నారు.